ఎవరి హయాంలో ఎంత కూలి

మూడో రోజు కూడా లక్ష్మీనరసయ్య ఇంట్లో అన్నం ముట్టలేదు.

పొద్దున్నే లేచి మిరపతోట దాకా వెళ్లొచ్చి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా గేటు దాటి వెళ్లిపోయాడు. సెంటర్లో టిఫిన్ బండి దగ్గర నిలబడి రెండు ఇడ్లీలు తిని, పార్టీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాడని పాలు తెచ్చిన మనిషి వచ్చి చెప్పాడు. అరవై నాలుగేళ్ల వాడు, ఊరికి ఒకసారి సర్పంచి చేసినవాడు, సొంత ఇంట్లో పొయ్యి వెలుగుతుండగా బండి దగ్గర ఇడ్లీ తింటే ఊరు ఏమనుకుంటుందో ఆయనకు తెలియక కాదు. తెలిసే తింటున్నాడు.

రామతులసి ఆ కబురు విని, భర్తకు ఇష్టమని చేసిన గోంగూర పప్పు మీద మూత పెట్టింది. కోడలి వైపు మాత్రం చూడలేదు.

దీపశ్రీకి అత్తగారు నాలుగు మాటలు అంటే బాగుండుననిపించింది. మూడు రోజులుగా ఆమె ఏమీ అనడం లేదు. గిన్నె అందించమంటే అందిస్తుంది, అడిగినదానికి ఊ కొడుతుంది, చూపు మాత్రం గోడకేసే ఉంటుంది.

గొడవకు మూలం ఒక్క ఫొటో. దీపశ్రీ నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు పొలం కూలి ఎంత పెరిగిందో అయిదు ఊళ్లు తిరిగి రాసి, పోయిన వారం కాలేజీ సెమినార్‌లో చదివింది. కూలి రేట్ల పక్కనే వానలు, సరుకుల ధరలు, మిర్చి రేటు, ఏ ఏడు పనికి ఎన్ని చేతులు దొరికాయన్నదీ పెట్టింది. జెండా మారినప్పటికంటే మిర్చి ధర మారినప్పుడే కూలి ఎక్కువ కదిలిందని చివర్లో రాసింది కూడా.

ఆ చివరిదాకా ఎవరూ పోలేదు. శావల్యాపురం దగ్గరున్న తమ ఊరి స్లైడు ఒక్కదాన్ని ఎవరో ఫోనులో ఫొటో తీశారు. అందులో ఎదుటి పార్టీ అయిదేళ్లలో కూలి ఎంత పెరిగిందో చూపే పట్టీ నిటారుగా లేచి ఉంది. మామగారి పార్టీ అయిదేళ్ల పట్టీ దాని పక్కన మరుగుజ్జులా ఉంది. 'మాజీ సర్పంచి కోడలే ఒప్పుకుంది' అని కింద రాసి వాట్సాప్‌లో వదిలారు. సాయంత్రానికి మండలమంతా తిరిగింది.

దానికి తోడు దీపశ్రీ తండ్రి వెంకటేశ్వర్లు బెల్లంకొండలో ఆ ఎదుటి పార్టీ మనిషి. పెళ్లినాడు రెండు వైపుల పెద్దలూ పార్టీల సంగతి గుమ్మం బయటే వదిలేద్దామని ఒక మాట అనుకున్నారు. మూడేళ్లు ఆ మాట నిలబడింది. వియ్యంకులిద్దరూ ఎదురుపడితే వానల గురించి రెండు ముక్కలు మాట్లాడి పక్కకు తప్పుకునేవాళ్లు.

ఇప్పుడు లోకల్ ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. జెడ్పీటీసీకి లక్ష్మీనరసయ్య పేరు పంపుతానని మండల పార్టీ ప్రెసిడెంటు సుధీర్ బాబు రెండేళ్లుగా చెబుతున్నాడు. ఆ ఫొటో చూశాక ఒక్కటే అడిగాడు. ఆ లెక్కలు తప్పని కోడలు తన నోటితో వీడియోలో చెప్పాలి. కోడల్ని అడగకుండానే లక్ష్మీనరసయ్య సరేనన్నాడు. ఆమె చెప్పనంది. ఆ పూట నుంచే ఆయన ఇంట్లో తినడం మానేశాడు.

ఇవాళ ఆదివారం. పది గంటలకు సుధీర్ బాబు వస్తాడు.

ఎనిమిదిన్నరకు భర్త రవిచంద్ర ఎరువుల కొట్టు తెరవకుండా ఇంటికొచ్చేశాడు. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. వీడియోలో చదవాల్సింది పార్టీ ఆఫీసులో ఎవరో రాసి ఇచ్చారు. దాన్ని మంచం మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు.

"ఒక్క నిమిషం వీడియో దీపా. చదివి అవతల పడేయ్. ఎల్లుండికి ఎవరికీ గుర్తుండదు."

"నాకు గుర్తుంటుందిగా," అంది దీపశ్రీ.

అతను నచ్చజెప్పాడు. నాన్న నలభై ఏళ్లు పార్టీ జెండా మోశాడన్నాడు. ఇన్నాళ్లకు ఒక మంచి రోజు వస్తుంటే ఇంట్లోవాళ్లే అడ్డం పడితే ఎట్లా అన్నాడు. ఆమె సోమవారం క్లాసులో పిల్లల ముందు నిలబడాల్సిన సంగతి చెప్పింది. చదివింది తప్పని తనే చెప్పుకున్న మనిషి దగ్గర వాళ్లు ఏం నేర్చుకుంటారని అడిగింది. మాటలు అటూ ఇటూ తిరిగి మొదటికే వచ్చాయి.

"మా నాన్న మూడు రోజుల నుంచి బండి దగ్గర తింటన్నాడు. అది నీకు పట్టదా?"

దీపశ్రీ ఆ కాగితాన్ని మంచం మీద అవతలికి జరిపింది. చెప్పగలిగిన జవాబు ఒకటుంది.

ఆ రేట్లు చెప్పింది లక్ష్మీనరసయ్యే.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఆయన వసారాలో నవారు మంచం మీద విసనకర్రతో విసురుకుంటూ పడుకున్నాడు. దీపశ్రీ పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుంది. ఏ ఏడు ఎంత కూలి ఇచ్చాడో, ఏ ఏడు ఎన్ని కోతలు కోయించాడో ఆయన కళ్లు మూసుకుని వరసగా చెప్పుకుపోయాడు. ఆ జ్ఞాపకశక్తికి ఆమె ఆశ్చర్యపోయింది. తర్వాత ఊళ్లో ఇంకో పదిమందిని అడిగితే ఆయన చెప్పినదానికి రూపాయి అటూ ఇటూ కాలేదు. పేరు రాయనని అందరికీ ఇచ్చిన మాటే ఆయనకూ ఇచ్చింది. ఆయనకు ఆ మధ్యాహ్నం గుర్తున్నట్టు లేదు. గుర్తున్నా, తన నోటి మాటలే తర్వాత ఆ పొట్టి పట్టీ అయ్యాయని తట్టలేదు.

ఇప్పుడు ఆమె వీడియోలో తప్పంటే ఆయన చెప్పింది అబద్ధమన్నట్టే. ఎవరు చెప్పారో బయటపెడితే జెడ్పీటీసీ మాట అక్కడితో సరి. ఆయనొక్కరికే చెబుదామంటే, మీ గుట్టు నా దగ్గరుందని బెదిరించినట్టుంటుంది. మూడు రోజులుగా ఆ మాట గొంతులోకి వచ్చి వెనక్కి పోతోంది.

రవిచంద్ర లేచి, కాగితం అక్కడే వదిలి బయటికి వెళ్లాడు.

ముంగిట్లో వేపచెట్టు నీడన పట్టా పరిచి కోటేశ్వరమ్మ, ఇంకో అయిదుగురు ఆడవాళ్లు ఎండుమిరపకాయల్లో తాలు ఏరుతున్నారు. తెల్లబడ్డ కాయ ఒక పక్కకు, ఎర్రటి కాయ ఒక పక్కకు. కోటేశ్వరమ్మ ఆ ముఠాకు పెద్ద. ఇరవై ఏళ్లుగా ఈ ఇంటి కోతలకు మనుషుల్ని తెచ్చేది ఆమే. ఇంట్లో జరుగుతున్నది ఆ ఆరుగురికీ తెలుసు. తెలియనట్టు తలలు వంచుకుని ఏరుతున్నారు.

పది దాటి పావుగంటకు కారు ఆగింది. సుధీర్ బాబు, స్టాండూ ఫోనూ పట్టుకుని ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక లక్ష్మీనరసయ్య. ఆయన తన ఇంటికి చుట్టం వచ్చినట్టు వచ్చి, వసారాలో కుర్చీ చివర కూర్చున్నాడు. మూడు రోజుల్లో ముఖం పీక్కుపోయింది.

రామతులసి మజ్జిగ గ్లాసులు తెచ్చింది. స్టాండు నిలబెట్టి, వెలుతురు చూసి, దీపశ్రీకి కుర్చీ వేశారు. ఆమె కాగితం విప్పి చదివింది. ఆ రేట్లు తాను సరిగా కనుక్కోలేదనీ, వేరే ఊరివి పొరపాటున కలిశాయనీ, అందుకు క్షమించాలనీ అందులో ఉంది.

"ఇది నేను చదవలేనండీ," అని కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. "రేట్లు నేనే కనుక్కున్నా. ఈ ఊరివే."

సుధీర్ బాబు మర్యాదగానే మొదలుపెట్టాడు. చదువుకున్న పిల్లవనీ, పెద్దవాళ్ల కష్టం తెలుసుకోవాలనీ చెప్పాడు. ఆమె కదలకపోయేసరికి గొంతు మారింది. అసలీ రేట్లు ఎవరిచ్చారని అడిగాడు. బెల్లంకొండ నుంచి గానీ రాలేదు గదా అన్నాడు.

మజ్జిగ గ్లాసు అందిస్తున్న రామతులసి చెయ్యి ఆగింది.

"మా నాన్నకీ దీనికీ సంబంధం లేదండీ," అంది దీపశ్రీ. "ఈ ఊళ్లో మనుషులే చెప్పారు. పేర్లు చెప్పనని వాళ్లకు మాటిచ్చా."

అప్పుడు లక్ష్మీనరసయ్య నోరు విప్పాడు. మూడు రోజుల్లో కోడలితో ఆయన అన్న మొదటి మాట అది.

"ఈ ఊళ్లో కూలి సంగతి నాకంటే ఎవరికి తెలుసమ్మా? ఎవరో నోటికొచ్చింది చెప్పుంటారు, నువ్వు రాసుకునుంటావు."

దీపశ్రీ తల వంచుకుంది. ఆయన ముంగిట్లోకి తిరిగాడు.

"ఏమే కోటేశ్వరమ్మా, మా అయిదేళ్లలో మీ కూలి పెరగలేదా? నువ్వే చెప్పు, వింటారు."

కోటేశ్వరమ్మ చేతులు ఆపలేదు. కాసేపు ఏరుతూనే ఆలోచించింది. మీ అయిదేళ్లు మొదలైన ఏడే మా పెద్దపిల్ల పెళ్లి చేశాను పెద్దయ్యా, అప్పుడు నూట అరవై ఇచ్చేవాళ్లు అంది.

"నూట డెబ్బై," అన్నాడు లక్ష్మీనరసయ్య. "మధ్యానం మజ్జిగ కూడా పోయించా. మరిచిపోయినావు నువ్వు."

తన లెక్క తప్పంటే ఆయన ఊరుకోలేడు. వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. మొదటి ఏడు నూట డెబ్బై. రెండో ఏడు నూట తొంభై, ఆ ఏడు కాయ బాగా దిగింది. మూడో ఏడు కాలవకు నీళ్లు రాలేదు, అదే నూట తొంభై. నాలుగో వేలు మడిచి ఆగిపోయాడు.



"నూట అరవై," అంది కోటేశ్వరమ్మ నెమ్మదిగా. "ఆ ఏడు దించారు పెద్దయ్యా. పై ఏడు మళ్లా నూట తొంభై చేశారు."

లక్ష్మీనరసయ్య మడిచిన వేళ్లు అట్లాగే ఉన్నాయి. ఆ ఫొటో ఒకసారి చూపించమని సుధీర్ బాబు దగ్గర ఫోను అడిగి తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. ఇన్నాళ్లూ ఆయన చూసింది ఆ పట్టీల పొడవే. వాటి కింద చిన్నక్షరాల్లో ఉన్నది చదవలేదు. నూట డెబ్బై, నూట తొంభై, నూట తొంభై, నూట అరవై, నూట తొంభై.

ఆయన తలెత్తి కోడలిని చూశాడు. ఆమె నేల చూస్తోంది. తర్వాత ఆయన చూపు వసారా మూలనున్న నవారు మంచం మీదికి పోయి, అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

"నువ్వు మూడు రోజుల నుంచీ చెప్పలేదు ఇందుకేనా అమ్మా?"

 దీపశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

లక్ష్మీనరసయ్య ఫోను సుధీర్ బాబుకు తిరిగి ఇచ్చాడు.

"ఆ రేట్లు చెప్పింది నేనే సుధీరూ."

సుధీర్ బాబు ఉలిక్కిపడి స్టాండు వైపు చూశాడు. ఫోనులో రికార్డింగ్ నడవడం లేదని తెలిశాక, కూలీల ముందు ఇటువంటి మాటలేంటి బాబాయ్ అని గొంతు తగ్గించాడు. లక్ష్మీనరసయ్య తగ్గించలేదు.

"కిందటేడు ఎండాకాలం ఆ మంచం మీద పడుకుని నేనే చెప్పా. అవి నికరమైన లెక్కలు. కూలి దించింది సర్కారు కాదు. నేను దించా. క్వింటా ధర సగానికి పడింది, చేతికేం రాలా. ముందు నేను దించితే నన్ను చూసి ఊరంతా దించింది. ఇప్పుడు ఈ పిల్ల తప్పని చెప్తే అబద్ధాలకోరును నేనవుతా."

సుధీర్ బాబు చాలా చెప్పాడు. ఈ మాట ఈ ముంగిలి దాటక్కర్లేదన్నాడు. రేపు పేర్లు జిల్లాకు పోతున్నాయనీ, ఇలాగైతే తన చేతిలో ఏమీ ఉండదనీ అన్నాడు. లక్ష్మీనరసయ్య అంతా విని, నీ ఇష్టం నాయనా, పంపితే పంపు, లేకుంటే లేదు అన్నాడు. నలభై ఏళ్లలో ఆయన పార్టీకి ఎదురు చెప్పడం ఎవరూ వినలేదు. సుధీర్ బాబు మజ్జిగ ముట్టకుండానే లేచాడు. స్టాండు మడిచి వాళ్లు కారెక్కారు.

కారు చప్పుడు దూరమయ్యాక కోటేశ్వరమ్మ అంది: "ఆ ఏడు మీకూ ఏం మిగల్లేదులే పెద్దయ్యా, మాకు తెలుసు. కానీ దించేముందు ఒక మాట చెప్పుంటే బాగుండేది. చెప్పకుండా చేతిలో పెట్టారు. అదే మనసుకు చానా కష్టమైంది."

"చెప్పాల్సింది," అన్నాడు ఆయన.   కోటేశ్వరమ్మ మళ్లీ కాయల్లో చెయ్యి పెట్టింది. పక్కనున్న ఆడవాళ్లు ఇద్దరు ఒకరినొకరు చూసుకుని, ఎన్నాళ్లకో వదిలినట్టు ఊపిరి వదిలారు.

లక్ష్మీనరసయ్య చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు.

"అన్నం పెట్టమ్మా," అన్నాడు. భార్యను కాదు, కోడలిని.

దీపశ్రీ గరిటె అందుకుంది. అన్నం వడ్డించి, గోంగూర పప్పు వేసి, నెయ్యి పోసింది. ఆయన మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆకలి తెలిసినవాడు తినే తిండి అది. మూడు రోజులుగా గుండెల మీద రాయిలా కూర్చున్నదేదో ఆ ముద్దతో పాటు కిందికి దిగిపోయినట్టనిపించింది ఆమెకు.

రవిచంద్ర నీళ్ల చెంబు తెచ్చి తండ్రి పక్కన పెట్టి, నాకన్నా చెప్పొచ్చుగా అన్నట్టు భార్య వంక చూశాడు. ఆమె చిన్నగా నవ్వింది. నీకు చెబితే అత్తయ్యకు చెప్పకుండా ఉండగలవా అంది. అతను ఉండలేనని ఒప్పుకున్నాడు.

రామతులసి ఇంకో కంచం తెచ్చి భర్త ఎదురుగా పెట్టింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి కోడలి ముఖంలోకి చూసింది.

"నువ్వూ కూర్చో. నీకు మాత్రం సరిగా తిండి దిగిందా ఏంది?"

దీపశ్రీ కూర్చోబోతుండగా ఫోను మోగింది. బెల్లంకొండ నుంచి నాన్న. చేతికి నెయ్యి అంటుకుని ఉండటంతో చిటికెన వేలితో స్పీకరు నొక్కింది.

వెంకటేశ్వర్లు గొంతు సంతోషంగా ఉంది. కబురు అప్పుడే బెల్లంకొండ చేరింది. స్టాండు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు చెప్పాడో, మరెవరు చెప్పారో. మీ మామగారే ఒప్పుకున్నాడంట గదా అన్నాడు. సాయంత్రం నరసరావుపేటలో తమ పార్టీ మీటింగు ఉందనీ, కారు పంపుతాననీ, అక్కడికొచ్చి ఆ ముక్క నువ్వు చెబితే చాలనీ అన్నాడు.

"నేను రాను నాన్నా."

"అట్లా అంటే ఎట్లాగమ్మా? నేను మాటిచ్చేశాను."

రామతులసి కళ్లు మూసుకుంది. రవిచంద్ర చెంబు వంక చూస్తున్నాడు. దీపశ్రీకి ముఖం వేడెక్కింది. మామగారు మనసు విప్పి చెప్పిన మాట గంట తిరక్కుండానే తన పుట్టింటివాళ్ల చేతిలో ఈటె అయి తిరిగి రావడం ఆమెకు తల తీసేసినట్టుంది. స్పీకరు ఆపేయబోయింది.

లక్ష్మీనరసయ్య ఎడమచెయ్యి చాచాడు. ఫోను ఇటివ్వమ్మా అన్నాడు.

ఆమె వద్దన్నట్టు తలూపింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇవ్వక తప్పలేదు.

"బావగారూ, నేను లక్ష్మీనరసయ్యని. అమ్మాయి రాదు. లెక్క చెప్పినవాణ్ని నేనే గదా, నేనొస్తా. మా అయిదేళ్లలో కూలి ఎందుకు దించానో చెప్తా. మీ అయిదేళ్లలో ఎందుకు పెంచానో, ఎవరు పెంచమంటే పెంచానో, అదీ మీ మైకులోనే చెప్తా. ఎన్నింటికి మీటింగు?"



దీపశ్రీ మామగారి ముఖంలోకి చూసింది. ఏ ఏడు ఎంతిచ్చారని ఊరూరా అడిగిందే గానీ, ఎందుకు పెంచారని ఈయన్ని ఎన్నడూ అడగలేదు. ముంగిట్లో కాయలు ఏరే చప్పుడు కూడా ఆగిపోయింది. కిటికీ అవతల, ముఠా తరఫున కూలి మాట్లాడే కోటేశ్వరమ్మ లేచి నిలబడి ఇటే చూస్తోంది.

"మావాళ్లని ఒక మాట అడిగి చెప్తా బావగారూ," అంది ఫోనులో గొంతు చివరికి.

"అడగండి. నేను తినేసి బయల్దేరతా," అన్నాడు లక్ష్మీనరసయ్య. ఫోను కోడలి చేతిలో పెట్టి, ఇంకో గరిటె పప్పు వెయ్యమని కంచం జరిపాడు.